తనిఖీ బండి చప్పుడు

ప్రభుత్వం ప్రజలకు ప్రసాదించిన వరాల్లోకెల్లా గొప్పది తనిఖీ. తనిఖీల్లోకెల్లా గొప్పది ముందుగా వినబడేది.

డెబ్భైల్లో తిరువూరులో ఎడ్లబండి చక్రాల నమోదు కార్యాలయమని ఒకటుండేది. (ఎందుకుండేదని అడిగినవారికి ఒక ఫారం ఇచ్చేవారు.) ప్రతి సోమవారం దాన్ని తనిఖీ చేయడం దశరథరామయ్యగారి ఉద్యోగం. అందులో ఆయనకు నచ్చింది ఒక్కటే, మోటారు సైకిలు. మెకానిక్ కమాలుద్దీన్ చేత సైలెన్సర్లో చప్పుడు అణిచే జాలీ తీయించి విస్సన్నపేట రోడ్డెక్కితే, ఆహా! డుబుడుబుమని గుండెల్లో మోగేది. ఇంట్లోనూ ఆఫీసులోనూ పెగలని ఆయన గొంతుకు ఆ లోటు బండే తీర్చేది.

ఒకరోజు రోడ్డు పక్కింటి నాగేంద్రమ్మ చీపురుతో సహా అడ్డం నిలబడింది.

"నీ బండి పాడుగానూ! పసిది ఉలిక్కిపడి లేస్తోందయ్యా. మళ్లీ పడుకోబెట్టేసరికి నా నడుం విరుగుతోంది. నీకు పిల్లల్లేరా?"

"ఉన్నారండి."

"ఉంటే మరి?"

ఆయనకు తల కొట్టేసినట్టయింది. తిన్నగా కమాలుద్దీన్ షెడ్డుకు పోయారు.

"జాలీ పెట్టెయ్యవయ్యా."

"పెడితే కుట్టుమిషన్లా ఉంటది సార్. మీరే బాధపడతారు."

"పడతాన్లే. పిల్ల పడుకుంటుంది కదా."

ఆ సోమవారం ఆయన చప్పుడు లేకుండా వెళ్లారు. ఆఫీసులో కుర్చీల మీద తువ్వాళ్లు మాత్రం హాజరయ్యాయి. వాటి యజమానులు యథాప్రకారం టీ హోటల్లో కూర్చుని, బండి చప్పుడు ఎప్పుడు వినబడుతుందా, ఎప్పుడు సీట్లకు పరిగెడదామా అని చెవులు రిక్కించుకుని ఉన్నారు. పాపం, వినబడలేదు. ఆయన మధ్యాహ్నం దాకా తువ్వాళ్లను తనిఖీ చేసి వెళ్లిపోయారు.

తనిఖీకి రాలేదని ఆయనకు మెమో వచ్చింది. విచారణకు శబ్ద నిర్ధారణాధికారి వెంకటప్పయ్యగారు దిగారు.

"మీరొచ్చినట్టు ఎవరైనా విన్నారా?"

"లేదండి. నేనొచ్చి చూస్తే కుర్చీల్లో ఎవరూ లేరు."

"ఎవరూ లేనప్పుడు మీరొచ్చినట్టు సాక్ష్యమేంటండీ?"

కుర్చీల్లో లేనివారంతా, ఆయన రాలేదని ముక్తకంఠంతో సాక్ష్యం చెప్పారు.

ఉత్తర్వు వెలువడింది. ఇతరుల సౌకర్యాన్ని గౌరవించి తనిఖీ అధికారి ఇకపై అరమైలు ముందునుంచే వినబడవలెను. పసిపాప తన నిద్రవేళలు సవరించుకొనవలెను. (పాపకు నోటీసు అందజేశారు. గడువులోగా జవాబు రాలేదు గనుక సమ్మతించినట్టే.)

కమాలుద్దీన్ మళ్లీ జాలీ తీశాడు. అదే బండి, అదే డుబుడుబు. కానీ ముచ్చటపడి చేసుకున్న చప్పుడు డ్యూటీగా మారాక ఆయనకు రుచించలేదు. నాగేంద్రమ్మ ఇంటి ముందుకు రాగానే సిగ్గుతో తల దించుకునేవారు. చెయ్యి మాత్రం ఉత్తర్వు ప్రకారం యాక్సిలరేటర్ తిప్పేది.

ఆ చప్పుడుకు పాపా లేచేది, ఆఫీసూ లేచేది. పాపను మళ్లీ పడుకోబెట్టడానికి నాగేంద్రమ్మకు గంట పట్టేది. ఆఫీసు మాత్రం, తిరుగుదారిలో బండి మలుపు తిరగ్గానే తనంతట తనే పడుకునేది.