కారణం చెప్పని కాపలావాడు

...కాబట్టి, కారణం చెప్పకుండా మనల్ని ఆపేసే యంత్రమే మనకి అసలైన ఆప్తుడు. కారణం చెబితే సరిదిద్దుకుంటాం, ముందుకు పోతాం, మన గురించి మనం ఆలోచించడం మానేస్తాం. ఇంతకంటే నష్టం ఉందా?

మా ఆఫీసు అరసవల్లి రోడ్డులో, మందుల షాపు మీద. ప్రోగ్రాములు రాస్తాం. రాసింది అందరూ వాడే ఉమ్మడి కాపీలోకి పంపాలంటే ముందు 'కమిట్' చెయ్యాలి. చెయ్యబోగానే మా ఓనరు ధనరాజ్ గారు సొంతంగా రాసిపెట్టిన చిన్న స్క్రిప్టు గుమ్మంలో నిలబడి తనిఖీ చేస్తుంది. దాన్ని హుక్ అంటారు. పాతవాళ్లం నల్ల తెరలో ఆదేశాలు టైపు చేస్తాం. కొత్తగా చేరిన మెర్సీ మాత్రం బొమ్మలూ బటన్లూ ఉన్న గ్రాఫికల్ క్లయింటు అనే ప్రోగ్రాము వాడుతుంది.

అందులో మా హుక్ ఏం చేసిందో తెలుసా? ఏమీ చెయ్యలేదు! గుండ్రటి చక్రం తిరిగింది. పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉంది.

"అన్నా, ఏ తప్పో సెప్పకుండా తిరుగుతన్నాది. నానేటి సెయ్యాల?" అంది మెర్సీ.

కోటబొమ్మాళిలో ఒక క్లినిక్కు ప్రోగ్రాములో టోకెన్ల వరస సరిచేయడం ఆమెకిచ్చిన మొదటి పని. సాయంత్రంలోగా అది చేరకపోతే ఉద్యోగం ట్రయల్‌తోనే సరి, రేపట్నుంచి రానక్కర్లేదని ఓనరు చెప్పేశారు. అయితేనేం? చక్రం ఎంత అందంగా తిరుగుతోందో!

మా పాతవాళ్లలో సత్యరాజు రంగంలోకి దిగాడు. పర్మిషన్లు మార్చాడు. క్లయింటు తీసేసి మళ్లీ ఎక్కించాడు. సిస్టమ్ ఆపి మళ్లీ వేశాడు. చివరికి మౌసు మార్చాడు! అతని ముఖంలో మొదటిసారి వినయం కనిపించింది. ఏ ధ్యాన కేంద్రం ఒక్క పూటలో ఇంత చెయ్యగలదు?

నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆ చక్రాన్ని చూస్తూ మనసు గురించి ఆలోచించాను. మనసూ ఇంతే కదా! లోపలెక్కడో ఒక ప్రశ్న అడ్డం పడుతుంది. పైకి మనిషి మామూలుగా టీ తాగుతుంటాడు. ఏమైందని అడిగితే ఏమీ లేదంటాడు.

భోజనాలయ్యాక హుక్ ఫైలు తెరిచి చూశాను. తప్పేమీ లేదు. ఒక ప్రశ్న ఉంది: "పక్కవాళ్లకి చూపించావా?" నల్ల తెరలో అయితే ఆ ప్రశ్న కనబడుతుంది. అవునని 'y' కొడితే దారిస్తుంది. క్లయింటులో ప్రశ్న కనబడే చోటు లేదు, జవాబిచ్చే చోటూ లేదు. పాపం, హుక్ అడిగేసి జవాబు కోసం కూర్చుంది.

ధనరాజ్ గారిది గజపతినగరం. వాళ్లింట్లో ఆవకాయ జాడీకి గుడ్డ కట్టేముందు పక్కింటావిడ ముక్క కొరికి ఉప్పు చూడాలట. ఆ అలవాటునే ఆయన స్క్రిప్టులో పెట్టారు. ఎంత సౌకర్యం! ఇప్పుడు పక్కింటావిడతో పనిలేదు, ప్రశ్న ఉంటే చాలు. మేమంతా అది పూర్తిగా తెర మీద పడకముందే 'y' కొట్టేసే వేగం సాధించాం. ఒకరి పని ఒకరు చూసి ఎన్నాళ్లయిందో! గొడవల్లేవు, అభిప్రాయభేదాల్లేవు. ఇంత శాంతి ఇంకే ఆఫీసులో ఉంది?

"ఆ లైను పీకీ బావా, పీడా పోద్ది. నేకపోతే నల్ల తెరలో 'y' కొట్టీమను" అన్నాడు సత్యరాజు.

నల్ల తెర తెరిచి ఇచ్చి, కొట్టమన్నాను. మెర్సీ కీబోర్డు మీద వేలు ఆపేసింది.

"ఎవలికీ సూపించనేదు కదన్నా. అవునని ఎలాగ కొట్టీమంటావు?"

పాఠకులారా, యంత్రానికి కూడా అబద్ధం చెప్పలేని పిల్లకి ఈ వృత్తిలో భవిష్యత్తు ఏముంటుంది? ఆ మాటే ఆమెతో అందామనుకున్నాను. ఇంకా మంచి జవాబులు చాలానే తోచాయి. అందరూ చేసేదే. హుక్‌కి ఏం తెలుస్తుంది? సాయంత్రమైపోతోంది.

ఆమె బల్లకీ నా బల్లకీ మధ్య జానెడు ఖాళీ. చేరిన రోజు నుంచీ ఆమె తెర నా కంటి చివర వెలుగుతూనే ఉంది.

ఇయర్‌ఫోన్లు తీసేసి, కుర్చీ ఆమె తెర ముందుకి లాగాను.