కొమురమ్మ నిడివి

సోమవారం పొద్దున పొయ్యి మీద పాలు పొంగుతుండగా కొమురమ్మ ఆడియో ఫైలుగా మారిపోయింది. భర్త ఐలయ్య స్టవ్ ఆపాడు. ఫోన్లో ఆమె పేరుతో ఫైలు వచ్చిందో లేదో చూసుకున్నాడు. నల్లా బిల్లు కట్టడానికి ఎలాగూ పోవాలి కాబట్టి, పనిలో పనిగా మున్సిపల్ ఆఫీసుకు బయల్దేరాడు. ఆ పట్నంలో నెలకు నలుగురైదుగురు ఇలా మారుతూనే ఉంటారు.

నిబంధన ఒక్కటే. ఫైలు గంట దాటితే మనిషి కిందే లెక్క. రేషన్ కార్డులో పేరు ఉంటుంది, ఫైలు ఇంటివాళ్లకే ఇస్తారు. గంటకు తగ్గితే చప్పుడు కింద జమకట్టి చెరిపేస్తారు. ఐలయ్య పెద్దగా కంగారు పడలేదు. ఇరవై రెండేళ్లకు పైగా కాపురం చేసిన ఆడమనిషి గంటసేపు ఉండదా అనుకున్నాడు.

నిడివి నిర్ధారణ విభాగంలో పర్వీన్ అనే ఉద్యోగిని ఫైలును కంప్యూటర్లోకి ఎక్కించి, నిడివి లెక్కగట్టే కోడు నడిపింది.

"పదకొండు నిమిషాలు. చెరిపెయ్యాలె. ఈడ సంతకం పెట్టున్రి."

ఐలయ్య పెన్ను అందుకోలేదు. ఇంటి తాళం మొదలుకొని తన బీపీ మాత్రల దాకా ఏది ఎక్కడుంటుందో ఆమెకే తెలుసు. అదంతా పక్కన పెట్టినా, ఆమె లేని ఇల్లు అతని ఊహకు అందలేదు.

"ఒక్కపారి మల్ల చూడున్రి మేడం, మీ కాళ్లు మొక్కుత. ఆమె మాట్లాడుడే తక్కువ. గంతకే చెరిపేస్తరా?"

పర్వీన్ చెయ్యి ఆగింది. "మాట్లాడుడు తక్కువనా? గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా అన్నా!"

లోపం కోడుది. ఫైలు ఎంత చోటు పట్టిందో చూసి, దాన్నిబట్టి ఎంతసేపు మోగుతుందో అది లెక్కగడుతుంది. రాసిన కాంట్రాక్టరు దాన్ని కౌన్సిలర్ల ఉపన్యాసాల మీదే పరీక్షించాడు. వాటిలో ఊపిరి తీసుకునేంత ఖాళీ కూడా ఉండదు కనుక లెక్క చక్కగా కుదిరింది, బిల్లూ పాసైంది. నోరు మూసుకుని గడిపిన కాలం ఫైల్లో దాదాపు చోటే పట్టదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఇప్పటిదాకా అలా ఎందరు చెరిగిపోయారో ఆఫీసు ఆరా తీయలేదు, తీయమని పైనుంచి ఉత్తర్వూ రాలేదు.

పర్వీన్ కోడులో ఒక వరుస మార్చింది. ఇప్పుడది ఫైలును మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. ఆమె టీ తాగి వచ్చేసరికి ఫలితం తేలింది. ఇరవై రెండేళ్ల పైచిలుకు.

"పూర్తి మనిషే అన్నా. ఇగ ఫికర్ లేదు."

ఐలయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఆఫీసని కూడా చూడకుండా తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఒకసారి వింటరా? హెడ్‌ఫోన్లు ఉన్నయి."

"ఎందుకు మేడం, గంట దాటింది గద."

పర్వీన్ ఫారంలో 'వినలేదు' అన్నచోట టిక్కు పెట్టింది. అందరికీ అక్కడే పెడుతుంది.

సందు మొదట్లో పక్కింటి సారమ్మ ఎదురొచ్చింది. "కొమురమ్మకు ఏమైంది మరిది?"

"ఏం కాలే వదినె, మంచిగున్నది. మనిషే అని ఖాయం చేసిన్రు."

"మరి ఏమంటున్నది?"

ఐలయ్య తేలిగ్గా నవ్వాడు. పొద్దుటి నుంచి ఇదే మొదటి నవ్వు. "ఆమె ఏమంటది వదినె? ఎన్నడన్న ఏమన్న అన్నదా?"

సారమ్మ కాసేపు ఆలోచించి, అదీ నిజమేనంది.