గొల్లపల్లి మీదికి నాలుగు ట్యాంకులు

ఆదివారం పొద్దున పది గంటలకు గొల్లపల్లి మీద దాడి చేయాలని లతీఫుద్దీన్ సాబ్ నిశ్చయించుకున్నాడు. నాలుగు ట్యాంకులు, అరవై మంది సైనికులు కోరుట్లలో ఆయన ముందుగదిలో, ప్లైవుడ్ బల్ల మీద సిద్ధంగా ఉన్నారు. వాళ్ళలో పొడగరి కూడా బొటనవేలిని మించడు.

సాబ్ ముప్పై ఏళ్ళు సర్వేయరుగా ఊళ్ళు కొలిచి రిటైరైన మనిషి. ఈ కాలపు యుద్ధాలను బొమ్మలతో ఆడుకునే నిబంధనలు ఒకనాడు ఇంటర్నెట్‌లో ఆయన కంటపడ్డాయి. పద్నాలుగు పేజీలు, పూర్తిగా ఉచితం. సైనికుడు ఎంత దూరం నడిచాడో టేపుతో కొలవాలి, దెబ్బ తగిలిందో లేదో పాచిక వేసి చూడాలి. టేపు అన్న మాట చదవగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. యుద్ధానికి ఏదో ఒక ఊరు కావాలి కనుక, అంగుళం అంగుళం గుర్తున్న గొల్లపల్లిలోని ఒక బజారును బల్ల మీద అట్టముక్కలతో కట్టాడు. ఊళ్ళు ఆయనకు బాగా గుర్తుంటాయి. మనుషుల మొహాలే గుర్తుండవు.

లోటల్లా ఎదుటి మనిషిదే. రెండేళ్ళుగా కుడిచెయ్యి ఒక సైన్యం, ఎడమచెయ్యి ఇంకో సైన్యం. ఎప్పుడూ కుడిచెయ్యే గెలుస్తోంది. ఎడమచెయ్యి మనసుపెట్టి ఆడడం లేదని ఆయన భార్య సర్వర్ బీ అభిప్రాయం. ఎట్టకేలకు సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే పాత మిత్రుడు జలపతి ఆడతానని ఒప్పుకున్నాడు. ఈసారి కూడా మనిషి దొరక్కపోతే సైన్యాన్నంతా డబ్బాలో పెట్టి అటకెక్కించాలని సాబ్ అనుకున్నాడు. అనుకుని చాలా బాధపడ్డాడు.

ఏడింటికే గొల్లపల్లి ఇళ్ళ జాబితా ఒకటి రాసి, జలపతికి ఫోనులో పంపి, రెండు ప్రతులు తీసిపెట్టమని జిరాక్స్ షాపు నరేశ్‌కు కూడా పంపాడు. ఉద్యోగపు అలవాటు కొద్దీ ఇంటి నంబరు, యజమాని పేరు, చివరి గడికి పైన 'కూలుటకు' అని రాసి కింద సంతకం చేశాడు. భూమన్న ఇంటికి 'నాలుగు, ఆపైన', బుచ్చవ్వ ఇంటికి 'రెండు, ఆపైన'. పాచిక మీద అంత పడితే ఆ ఇల్లు కూలినట్టు. పాచిక సంగతి మాత్రం జాబితాలో ఎక్కడా రాయలేదు.

ఆ భూమన్న నరేశ్‌కు పిల్లనిచ్చిన మామ. జాబితా చూసిన నరేశ్ జిరాక్స్ మిషను ఆపేశాడు. నాలుగు ఏమిటో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. చివరికి అడుగులై ఉంటాయని తేల్చుకుని, బజార్లోకి నాలుగడుగులు జరిగిన ఇల్లు కూలగొడతారట అని మామకు ఫోను చేశాడు. రిటైరైన సర్వేయరుకు ఆ పని ఎందుకని ఎవరూ అడగలేదు. సర్వేయరు అనేవాడు రిటైరవుతాడంటే ఆ వైపు ఎవరూ నమ్మరు. పైగా భూమన్న అరుగు బజార్లోకి సరిగ్గా నాలుగడుగులు వచ్చి ఉంది. పక్కింటి బుచ్చవ్వ పశువుల కుడితి గోలెం రెండడుగులు వచ్చి ఉంది.

తొమ్మిదిన్నరకు జలపతి ఫోను చేసి, చీరల ఆర్డరు నెత్తిన పడిందనీ, తాను రాలేననీ చెప్పాడు. గొల్లపల్లి, జగిత్యాల వైపు తెలిసినవాళ్ళుంటే ఎవరినైనా పంపిస్తానన్నాడు. సాబ్ మొహం వేలాడేసుకుని డబ్బా కోసం లేచాడు. అంతలో వాకిట్లో ఒక నడివయసు మనిషి, ఒక ముసలమ్మ నిలబడ్డారు. మనిషి చంకలో మక్కజొన్న కంకుల సంచి ఉంది.

"గొల్లపల్లికెల్లి అచ్చినం సార్. గా లిస్టు గురించి," అన్నాడు భూమన్న.

జలపతి మాట నిలబెట్టుకున్నాడని సాబ్ కళ్ళు చెమర్చాయి. జాబితా ముందే చదువుకుని మరీ వచ్చారు! చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. బల్ల మీద తమ ఊరు, ఊరి మొదట్లో ట్యాంకులు చూసి ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఇల్లు కూలగొట్టడానికి జేసీబీ వస్తుందనుకున్నారు గానీ ఇంత బలగం వస్తుందనుకోలేదు.

"మీరు ఏ పక్షం?" అని అడిగాడు సాబ్.

"మాకు పక్షాలెక్కడియి సార్. అందరితోని మంచిగనే ఉంటం."

"గట్ల నడవది. దాడి చేస్తరా, ఊరిని కాపాడుకుంటరా?"

"కాపాడుకుంటం సార్," అన్నాడు భూమన్న.

మొదటి గుండు బుచ్చవ్వ ఇంటి మీద పడింది. నిబంధన ప్రకారం పాచిక ఊరివాళ్ళే వేయాలని సాబ్ ఆమె చేతిలో పెట్టాడు. రెండు గానీ ఆపైన గానీ పడితే ఇల్లు పోతుందన్నాడు. ఇళ్ళ సంగతి పైవాళ్ళు ఇలాగే తేలుస్తారని బుచ్చవ్వకు ఎప్పటినుంచో అనుమానం. కళ్ళు మూసుకుని వేసింది. ఒకటి పడింది.

"నిలవడ్డది అవ్వా," అన్నాడు సాబ్. ఆమె గోడకు ఆనుకుని కూలబడి మంచినీళ్ళు అడిగింది.

తరువాత ట్యాంకులు భూమన్న ఇంటివైపు తిరిగాయి. సాబ్ టేపు తీసి బజారు వెడల్పు కొలవడం మొదలుపెట్టాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు భూమన్న.

"గక్కడ నా అరుగుంది సార్. నాలుగడుగులు బజార్లకచ్చింది. తప్పే."

సాబ్ కొలతల్లో అది లేదు. వెంటనే అరుగు స్థానంలో అగ్గిపెట్టె పెట్టి మళ్ళీ కొలిచాడు. ట్యాంకు పట్టలేదు. రెండోది పట్టలేదు. వెనకాలవి తిరగడానికి చోటు లేక అక్కడే ఇరుక్కున్నాయి. మధ్యాహ్నానికల్లా సాబ్ చిత్తుగా ఓడిపోయాడు. జీవితంలో అంత సంతోషం ఆయన ఎరగడు.

"నీ అరుగే ఊరిని కాపాడింది," అని భూమన్నను కౌగలించుకున్నాడు. బుచ్చవ్వ ఆ మాటేదో కాగితం మీద రాసిమ్మంది. 'గొల్లపల్లి నిలిచినది, ఒక్క ఇల్లు కూడా కూలలేదు' అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చాడు. వచ్చే ఆదివారం మళ్ళీ రమ్మన్నాడు. మళ్ళీ రమ్మన్నాడంటే పని పూర్తికాలేదని భూమన్నకు అర్థమైంది.

సాయంత్రం నరేశ్ బిక్కుబిక్కుమంటూ జాబితా ప్రతులు తెచ్చాడు. సాబ్ పద్నాలుగు పేజీలూ చూపించాక సంగతంతా తెలిసి మామకు ఫోను చేశాడు. అవతల గడ్డపార చప్పుడు వినిపిస్తోంది.

"మామా, గది ఆటనట. ఇల్లు కూలదట."

"ఆట సంగతి నాకెరుకలేదు బిడ్డా. నా నోటితోనే సర్వేయరుకు ఒప్పుకున్న. అరుగు తీసేసిన," అన్నాడు భూమన్న, రొప్పుతూ.

మరుసటి ఆదివారం భూమన్న, బుచ్చవ్వ మళ్ళీ వచ్చారు. ఈసారి భయపడి రాలేదు, ఆడడానికే వచ్చారు. అరుగు ఎలాగూ పోయింది, కనీసం గెలుపైనా ఉండనీ అని భూమన్న పంతం. సాబ్ ఇద్దరికీ చాయ్ పోయించి, మర్యాదలన్నీ చేసి, కొలతల్లో మాత్రం ఎవరినీ ఎరగని మనిషి కనుక, అరుగు పోయిందని తెలియగానే దాని స్థానంలోని అగ్గిపెట్టె తీసి జేబులో వేసుకున్నాడు.

పావుగంటలో ట్యాంకులు నాలుగూ భూమన్న ఇంట్లో ఉన్నాయి.