నోరు అదుపులో లేని సర్వర్

నగర నీటి సరఫరా శాఖవారి కొత్త సర్వర్‌కు సోమవారం ఉదయం సంజాయిషీ నోటీసు జారీ అయింది. సంతకం చేసి పుచ్చుకునే అలవాటు దానికి లేనందున డబ్బా మీదే అంటించారు.

నేరం చిన్నదేమీ కాదు. కుళాయి దరఖాస్తుల పేజీ పాత సర్వర్‌లో మూడేళ్లుగా నిక్షేపంగా నడుస్తోంది. మీట నొక్కగానే ‘దరఖాస్తు అందింది, ధన్యవాదాలు’ అంటుంది. అదే ప్రోగ్రామును ఉన్నదున్నట్టు కొత్తదాంట్లో పెడితే, ‘నలభయ్యో వరుసలో తప్పుంది, దరఖాస్తు ఎక్కడా భద్రపరచలేదు’ అని నలుగురిలో అనేసింది.

శుక్రవారంలోగా దాన్ని దారికి తెస్తేనే ఉద్యోగం ఖాయమని ప్రోగ్రాములు రాసే అమ్మాయికి చెప్పారు. ఆమె ఏడాదిగా తాత్కాలికం. కూర్చునే కుర్చీ కూడా పక్క విభాగం నుంచి ఎరువు తెచ్చిందే.

రెండు సర్వర్ల అమరికలనూ పక్కపక్కన పెట్టుకుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు మూడు రోజులు ఏరింది. గురువారం దొరికింది. తప్పు రెండింట్లోనూ ఉంది. పాతదాంట్లో ‘తప్పులు పైకి చూపవద్దు’ అని ఎవరో పుణ్యాత్ములు ఒక వరుస రాసి పెట్టారు. కొత్తదానికి ఆ మర్యాద ఎవరూ నేర్పలేదు. అనుమానమొచ్చి పాతదాని లోపల వెతికింది. మూడేళ్ల దరఖాస్తులు సున్నా. ఆమె పిన్ని కుళాయికి దరఖాస్తు పెట్టి, మూడంతస్తులు బిందెలు మోస్తూ మూడేళ్లుగా ఎదురుచూస్తున్నది ఆ సున్నాలోనే.

“పాతది కూడా పనిచేయట్లేదండి. పైకి చెప్పట్లేదంతే,” అంది సూపరింటెండెంటుతో.

“మూడేళ్లలో ఒక్క ఫిర్యాదైనా వచ్చిందా?”

“ఫిర్యాదుల పేజీ కూడా అందులోనే ఉందండి.”

“చూశావా, ఎంత బాగా పనిచేస్తోందో. ఆ వరుసేదో కొత్తదాంట్లో కూడా రాసెయ్ తల్లీ.”

“తప్పు దిద్దడానికి పది నిమిషాలు చాలండి.”

“దిద్దితే ఇన్నాళ్లూ తప్పుందని ఒప్పుకున్నట్టే కదమ్మా. రేపు శుక్రవారం. నీ సంగతి చూసుకో.”

ఆమె రాసింది.

“తప్పులు కనబడని పాలన మన చిరకాల ఆశయం. దాన్ని ఒకే ఒక్క వరుసతో సాధించాం,” అని డైరెక్టరు సభలో గద్గద స్వరంతో సెలవిచ్చారు. నోటీసు పీకి, ఆ జిగురు మీదే ప్రశంసాపత్రం అంటించారు. అమ్మాయి ఉద్యోగం ఖాయం చేసే ఉత్తర్వును అక్కడికక్కడే కొత్త సర్వర్‌లోకి ఎక్కించారు.

నెలాఖరు జీతాల జాబితాలో ఆమె పేరు లేదు.

“ఎక్కించాం కదమ్మా, ధన్యవాదాలు కూడా చెప్పింది,” అన్నాడు సూపరింటెండెంటు.

వేరే దారి లేక ఆమె ఫిర్యాదుల పేజీ తెరిచి, ఉన్నదంతా రాసి, మీట నొక్కింది. అందిందట.

అన్నట్టు, కిందటేడు మీరూ ఏదో అర్జీ పెట్టుకున్నారు కదా. దిగులు పెట్టుకోకండి. అదీ అందింది.