దాహం తీర్చిన ఫొటో

ఆదోని పత్తి మార్కెట్టు రోడ్డులో పోయిన వేసవికి ప్రజల దాహం సంపూర్ణంగా తీర్చబడినదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ మహత్కార్యంలో రెండు మట్టికుండలు, నాలుగు గుంజల పందిరి, నీళ్ళు పోసే దేవమ్మ కూడా పాలుపంచుకున్న మాట నిజమే. అసలు భారమంతా మోసినవాడు మాత్రం ఫొటోలకు ఫ్రేములు కట్టే గఫూర్ సాబ్. ఇటువంటివాళ్ళ పేర్లు ఎప్పుడూ గోడవైపే ఉంటాయి కనుక మనమే కాస్త ఇటు తిప్పి చెప్పుకోవాలి.

గఫూర్ సాబ్ స్వతంత్రుడు. ఆయన మీద అధికారి లేడు. అందువల్ల రోడ్డున పోయే ప్రతివాడూ ఆయనకు అధికారే. దేవుళ్ళు, పెళ్ళికొడుకులు, పోయిన పెద్దలు, పదవి కోసం పోరాడుతున్న పెద్దలు, అందరూ ఆయన చేతుల మీదుగానే గోడలెక్కుతారు. ఆయనకొక సిద్ధాంతం ఉంది. బొమ్మ ఎవడైనా తీస్తాడు, దాన్ని ఎక్కడ ఆపాలో తెలియడమే కళ. లోకంలో సగం గొడవలు అంచు లేకపోవడం వల్ల వచ్చినవేనని ఆయన గట్టి నమ్మకం. భార్య జొహరాబీ ఏదైనా చెబుతుంటే రెండు చేతులూ ఎత్తి, బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి, ఆమె ముఖాన్ని ఆ నాలుగు పలకల సందులో బిగించి తన్మయంగా చూసేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆమెకది ప్రేమ అనిపించింది. తన మాట ఒక్కటీ ఆయన చెవిన పడటం లేదని తర్వాత తెలిసింది.

ముందు గది అంగడి, నడిమి గది కాపురం, వెనక వంటిల్లు. పని ఎక్కువైతే అంగడి నడిమి గదిలోకి వచ్చేది. వంటిల్లు మాత్రం అంగడిలోకి ఏనాడూ చొరబడలేదు. ఇంత క్రమశిక్షణ గల వంటిల్లు ఆ వీధిలో మరొకటి లేదు.

పత్తి వ్యాపారి హనుమంతరాయుడు ఆ వేసవిలో దాహార్తి నివారణ సేవా సంఘం స్థాపించి, తనను తానే ఏకగ్రీవంగా అధ్యక్షుడిగా ఎన్నుకుని, మార్కెట్టు రోడ్డులో చలివేంద్రం పెట్టాడు. ప్రారంభ సభలో నీటి మహిమ గురించి ఆయన చేసిన ప్రసంగం ఎంత గొప్పదంటే, అది వింటూనే ఎండలో నిలబడ్డ జనానికి నాలుకలు పిడచకట్టుకుపోయాయి. ప్రసంగం ముగిసేసరికి వేదిక మీది పెద్దలు రెండు కుండలూ ఖాళీ చేసి ఆ మహిమను స్వయంగా నిరూపించారు. స్టూడియో నడిపే నితిన్ ఫొటో తీశాడు. నడుమ హనుమంతరాయుడు దోసిలి పట్టి నీళ్ళు తాగుతున్నాడు. ఎదుట దేవమ్మ చెంబుతో పోస్తోంది. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కమిటీ సభ్యులు. వెనక పందిరి, కుండలు.

మర్నాడు ఆ ఫొటో పట్టుకుని అధ్యక్షుడే స్వయంగా అంగడికి వచ్చాడు.

"సాబూ, ఇది మామూలు ఫొటో కాదప్పా. సరిత్ర. సంఘం ఆఫీసులో పెట్టాల. మంచి ఫ్రేము కట్టు."

"ఎంత సైజన్నా?"

"నేను బాగా కనపడేంత."

గఫూర్ సాబ్ కళాహృదయం ఉప్పొంగింది. టేకు రంగు చెక్క పట్టీ, లోపల సన్నటి బంగారు గీత. సాయంత్రానికల్లా నాలుగు మూలలూ వెంట్రుక దూరనంత బిగువుగా కలిపాడు. ఇక మేకులు కొట్టి ఇచ్చేయడమే తరువాయి. అప్పుడొచ్చాడు ఉపాధ్యక్షుడు తిరుపాల్.

ప్రారంభం రోజున తిరుపాల్ కూతురి నిశ్చితార్థంలో ఉన్నాడు. ప్రజల దాహం తీరుతుంటే తాను లేకపోవడం చరిత్రకు జరిగిన అన్యాయమని ఆయన వాదన. న్యాయమే కదా అని నితిన్ కంప్యూటర్లో ఆయన్ను నిశ్చితార్థం ఫొటోలోంచి తీసి ఎడమవైపు చివర్న అతికించాడు. నోట్లో వియ్యంకుడు పెట్టిన లడ్డు అలాగే ఉంది. వియ్యంకుడి వేళ్ళు రెండు కూడా ఉన్నాయి.

ఫొటో పెద్దదయింది. గఫూర్ సాబ్ పట్టీలు విప్పి మళ్ళీ కోశాడు. హనుమంతరాయుడు వచ్చి చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"ఇదేందప్పా, నేను పక్కకు జరిగినానే?"

"నువ్వు ఆడనే ఉండావన్నా. ఫొటోనే జరిగింది."

"నేను మధ్యలో లేకుంటే దాహం ఎవురు తీర్సినట్లు?"

ఆయన్ను మళ్ళీ మధ్యకు తేవడానికి కుడివైపు ఒకరిని చేర్చారు. దాంతో సంఘానికి ఒక శాశ్వత నియమం ఏర్పడింది. ఎడమన ఒకరు చేరితే కుడిన ఒకరు చేరి తీరాలి. తిరుపాల్‌కు మనుషులు ఎక్కువ. ఆయన తమ్ముడు, తమ్ముడి భాగస్థుడు, ఆ భాగస్థుడికి గుండె పరీక్ష చేసిన డాక్టరు ఎడమవైపు వరసగా చేరారు. హనుమంతరాయుడికి కుడివైపు నిలబడేవాళ్ళు ఆదోనిలో కరువయ్యారు. అప్పుడాయన ఎమ్మిగనూరు నుంచి బామ్మర్ది మారుతిని పిలిపించాడు. మారుతి ఒక సంచీ నిండా ఫొటోలతో దిగాడు. అందులో కర్ణాటక సరిహద్దు హొళగుంద పెద్దమనుషులు కన్నడంలో నవ్వుతున్నారు. ఫొటోలో భాష వినపడదు కనుక వారిని సగౌరవంగా చేర్చుకున్నారు. పత్తికొండ నుంచి ఒకాయన టమోటా గంపతో సహా వచ్చాడు. గంప తీసేస్తే చేతులు పోతాయని నితిన్ చెప్పడంతో గంపకూ సభ్యత్వం ఇచ్చారు. ఇంకొకాయన కుర్చీలో కూర్చున్న ఫొటో ఒక్కటే ఇచ్చాడు. కుర్చీ తీసేయగా ఆయన గాలిలో ఆసీనుడై, తపస్సిద్ధి పొందినవాడిలా కనిపించాడు. ఆయనకు ఆ తర్వాత ఊళ్ళో గౌరవం పెరిగింది.

ఫొటోలో జాగా చాలలేదు. కుండలున్న చోట ఇద్దరు నిలబడవచ్చని గమనించి కుండలు తీసేశారు. పందిరి వల్ల వెనక వరస తలలు కనిపించడం లేదని పందిరి తీసేశారు. దేవమ్మ సంఘం సభ్యురాలు కాదని ఎవరో నిబంధన ఎత్తి చూపడంతో ఆమెనూ తీసేశారు. చెయ్యి మాత్రం తీయలేకపోయారు. తీస్తే అధ్యక్షుడు ఉత్త గాలి తాగుతున్నట్టు ఉంటుంది. అందుచేత మోచేతి దాకా ఒక చెయ్యి, చెంబు పట్టుకుని, ఎక్కడినుంచో వచ్చి ఆయన దోసిట్లో నీళ్ళు పోస్తూ మిగిలింది. తర్వాతి సమావేశంలో హనుమంతరాయుడు దీన్ని వివరిస్తూ, "అది మనిషి సెయ్యి కాదు. మన సేవ మెచ్చి సాక్షాత్తూ గంగమ్మ తల్లి సాపిన సెయ్యి" అని గద్గద స్వరంతో ప్రకటించగా సభ్యులు కళ్ళు తుడుచుకున్నారు.

గంగమ్మ తల్లి ఆ సాయంత్రమే అంగడికి వచ్చింది.

"నేను యాడుండాను సాబూ?" అని అడిగింది దేవమ్మ.

గఫూర్ సాబ్ పట్టీని గుడ్డతో తుడిచి, "ఇదో, ఈ సెయ్యి నీదేనమ్మా" అన్నాడు.

దేవమ్మ వంగి చూసింది. "గాజులు బాగా పడినాయి," అని నవ్వి వెళ్ళిపోయింది. ఫొటోలో ఉన్నవాళ్ళందరిలోకి తృప్తిపడ్డ మనిషి ఆమె ఒక్కతే.

ఇక ఫ్రేము సంగతి. పట్టీకి పట్టీ అతికించుకుంటూ పోగా అది లోపలి ఫొటోతో సహా అంగడి దాటి నడిమి గదిలోకి వచ్చింది, నడిమి గది దాటి వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. గఫూర్ సాబ్ దానికి నిచ్చెన వేసుకుని మెరుగు పెట్టేవాడు. ఇంత పొడుగు అంచు ఈ జిల్లాలో ఎవరూ కట్టలేదని గర్వపడేవాడు. జొహరాబీ చట్నీ గిన్నె పట్టుకుని ఫ్రేము కింద దూరి ఇవతలకు వచ్చేది. ఒకరోజు గిన్నె కిందపెట్టి నిలబడిపోయింది.

"అజీ, ఈ ఇంట్లో నేను వంట సెయ్యలేను."

"ఏమైంది జొహరా?"

"ఇంతమంది మొగోళ్ళు నా మొకంలోకే సూస్తాండారు. రొట్టె తిప్పినా సూస్తారు, ఉల్లిగడ్డ కోసినా సూస్తారు. ఒక్కడన్నా రెప్ప ఆర్పడే!"

గఫూర్ సాబ్ అలవాటు కొద్దీ రెండు చేతులూ ఎత్తి వేళ్ళు కలిపాడు. ఆమె ఆ వేళ్ళ సందులోంచి పక్కకు జరిగి, వెనక వాకిలి గుండా బయటికి పోయి, ఎమ్మిగనూరు బస్సెక్కి చెల్లెలింటికి వెళ్ళిపోయింది.

ఆయన హోటల్లో దొరికే బొరుగుల ఉగ్గాని, బజ్జీ మీద బతకడం మొదలుపెట్టాడు. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం ఉగ్గాని. కొన్నాళ్ళకు ఫోన్ చేశాడు.

"ఎప్పుడొస్తావు?"

"ఫొటో పోయిందా?"

"ఇంగా ఇద్దరు రావాలంట. గోనెగండ్ల నుంచి."

"అయితే వాళ్ళతోనే కాపురం సెయ్యి," అని పెట్టేసింది.

గఫూర్ సాబ్ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చేతులెత్తి చతురస్రం పట్టాడు. అందులో పొయ్యి ఉంది, గోడకు ఆనించిన పెనం ఉంది. ఏ మూల సర్దినా బొమ్మ కుదరలేదు. ఎవరి ఫొటో ఎక్కడ ఆపాలో ఊరందరికీ చెప్పే తాను, సొంతింట్లో ఒక్కచోటా ఆపలేకపోయానని ఆయనకు అప్పుడు తట్టింది. వెంటనే గాజు బిగించాడు, వెనక ప్లైవుడ్ వేశాడు, మేకులు కొట్టేశాడు.

"అయిపోయిందన్నా. ఇంగ ఎవుర్నీ ఎక్కించను," అన్నాడు అధ్యక్షుడితో.

"గోనెగండ్ల వాళ్ళప్పా?"

"వాళ్ళు కావాలంటే నేను పోతా. ఫొటో నువ్వే ఇంటికి తీస్కపో."

అప్పటికే వానాకాలం వచ్చి ఊళ్ళో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. దాహం సమస్య తీవ్రత తగ్గినందున అధ్యక్షుడు పెద్దమనసుతో ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్న తర్వాత తెలిసింది, ఫ్రేము తలుపులోంచి పట్టదని. సంఘం అత్యవసర సమావేశం జరిపింది. ఫొటోను రెండుగా కోద్దామని ఒకరన్నారు. కోత తమ మీదుగా పోనంతవరకు సభ్యులెవరికీ అభ్యంతరం లేకపోయింది. ఎటు కోసినా ఎవరో ఒకరి ముక్కు పోతోంది. చివరికి, సదరు గోడ గఫూర్ సాబ్‌ది అయినందున దానిని కూల్చుటకు సంఘానికి ఎట్టి ఆక్షేపణ లేదని ఏకగ్రీవంగా తీర్మానించారు. గఫూర్ సాబే గడ్డపార తెచ్చిచ్చాడు. టెంకాయ కొట్టి, "ఈ గోడ పతనం మన సంఘం ఎదుగుదలకు నిదర్శనం" అని హనుమంతరాయుడు ప్రసంగించి తొలి దెబ్బ వేశాడు. నితిన్ ఫొటో తీశాడు. ఆ ఫొటోకు కూడా ఫ్రేము కట్టాలన్నారు. "దాన్ని ఫోన్లోనే పెట్టుకోండన్నా, సల్లగా ఉంటాది," అన్నాడు గఫూర్ సాబ్, చేతులు జోడించి.

పత్తి బేళ్ళు మోసే ట్రాక్టరు మీద ఫొటోను ఊరేగింపుగా సంఘం ఆఫీసుకు తీసుకుపోయారు. ఆఫీసు తలుపు ఇంకా ఇరుకు. ఆ గోడ అద్దెది, పైగా యజమాని అక్కడే నిలబడి ఉన్నాడు. కాబట్టి చలివేంద్రంలోనే పెట్టాలని నిర్ణయమైంది. పందిరి చాలకపోవడంతో పందిరి పీకేశారు. కుండలు అడ్డొస్తే ఎవరింటికో పంపారు. రెండు ఇనుప స్తంభాల నడుమ ఫొటో నిలబడింది. ముఖం మార్కెట్టు వైపు, వీపు ఎమ్మిగనూరు రోడ్డు వైపు.

మామూలుగా గఫూర్ సాబ్ ప్రతి ఫ్రేము వెనకా ఒక మూలన పెన్సిల్‌తో చిన్నగా పేరు రాసుకునేవాడు. ఇంత పెద్ద వీపు మళ్ళీ దొరకదని ఈసారి కుంచె, నీలిరంగు తీసుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా "గఫూర్ ఫ్రేములు, ఆదోని" అని రాశాడు. సంఘం పెద్దలెవరూ వెనక్కి రాలేదు. వాళ్ళ ముఖాలన్నీ ముందువైపే ఉన్నాయి కదా.

ఎమ్మిగనూరు బస్సు కిటికీలోంచి ఆ అక్షరాలు చూసిన జొహరాబీకి ఫొటో ఇల్లు దాటిందని తెలిసింది. దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఇంటికి ముందు గోడ లేదు. రోడ్డు మీదినుంచే మొగుడూ, మొగుడి వెనక ఖాళీ నడిమి గదీ, ఆ వెనక పొయ్యీ కనిపించాయి. ఆయన చేతులెత్తబోయి, ఆగి, కిందికి దించేసి ఆమె ఏమంటుందోనని విన్నాడు.

"గాలి బాగా వస్తాంది," అంది ఆమె. "గోడ కడితే కట్టు. ఈసారి పెద్ద కిటికీ పెట్టు."

ఆయన ప్రతి మాటా విన్నాడు. కిటికీ పెట్టాడు.

ఈ వేసవికి ఫొటోలో లేనివాళ్ళంతా ధర్నా చేస్తారని పుకారు పుట్టింది. పెద్దలు భయపడ్డారు. కానీ ఎండలు ముదిరాక ఒక అద్భుతం జరిగింది. మిట్టమధ్యాహ్నం ఎండ గాజు మీద పడి, లోపలున్న వాళ్ళెవరూ కనిపించడం మానేశారు. ఎవరు ఎదుట నిలబడితే వాళ్ళ ముఖమే తళతళా కనిపిస్తోంది. హనుమంతరాయుడు వచ్చి చూసి, తాను ఇప్పుడు సరిగ్గా మధ్యలో ఉన్నానని సంతోషించాడు. ఆయన పోయాక తిరుపాల్ వచ్చాడు, ఆయనా మధ్యలోనే ఉన్నాడు. గోనెగండ్ల వాళ్ళిద్దరు కూడా వచ్చి చూసుకుని, మీసం సర్దుకుని, తమను చేర్చుకున్నందుకు సంఘానికి కృతజ్ఞతలు చెప్పి పోయారు. ఫిర్యాదులు పూర్తిగా సమసిపోయాయి. నోరెండిపోయి వచ్చినవాళ్ళు సైతం అక్కడ ఆగి, కాసేపు తమను తాము చూసుకుని, ఏం అడగాలని వచ్చారో మరిచి ముందుకు సాగిపోతున్నారు.

తమరు కూడా ఒకసారి దయచేయండి. ఎండ వేళకే రండి, తప్పక మధ్యలోనే ఉంటారు. మంచినీళ్ళు మాత్రం ఇంటినుంచి తెచ్చుకోండి.