పదకొండు గుండ్లూ ఒక గాటూ

ఆ ఆదివారం పొద్దున సెలూన్ మామ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి దుకాణం తెరవడం, ఎనిమిదిన్నరకల్లా పదకొండు తలలు పూర్తి చేయడం, తొమ్మిదింటికి మైదానం పక్కన మడత కుర్చీ వేసుకుని మేనల్లుడి జట్టు గెలుస్తుంటే చూడటం. ఇందులో తేడా రావడానికి సందెక్కడుందో ఆయనకు కనిపించలేదు. నలభై ఏళ్లుగా కత్తి పట్టిన చెయ్యి అది, ఒక్కనాడు వణికింది లేదు. దుకాణం బోర్డు మీద పేరు కంటే పెద్ద అక్షరాలతో ఆ మాటే రాయించుకున్నాడు: "నలభై ఏళ్లు, ఒక్క గాటు లేదు."

మేనల్లుడు నీటి సరఫరా ఆఫీసులో మీటర్లు చదివే ఉద్యోగి, ఆ ఆఫీసు ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ కూడా. జట్టు బేకరీ వాళ్ల చేతిలో వరసగా ఏడు ఆటలు ఓడింది. ఎనిమిదోది కూడా పోతే జట్టు ఎత్తేసి బంతి అటక మీద పడేస్తానని వాడు శనివారం కంచం ముందు కూర్చుని ప్రకటించాడు. ఆ తర్వాత వాడికి ముద్ద దిగలేదు. అది చూసి తల్లి ప్రాణం ఉసూరుమంది. వెంటనే తమ్ముడికి, అంటే సెలూన్ మామకు, ఫోన్ చేసింది.

"రేపు నువ్వు కూడా వెళ్ళరా. వాడికి కాస్త ధైర్యంగా ఉంటుంది. కానీ నోరు మూసుకుని చూడు."

"చూడటమేంటక్కా, గెలిపిస్తా."

"అందుకే మూసుకోమంటున్నా."

జబ్బు ఎక్కడుందో మామ అప్పటికే పట్టేశాడు. జట్టులో బంతి తన్నడం వచ్చింది మేనల్లుడికి ఒక్కడికే. వాడి తల నిండా తేనెతుట్టె లాంటి రింగుల జుట్టు. ఎదుటి బేకరీ జట్టులో వ్యాన్ డ్రైవర్ అని ఒక భారీ మనిషి ఉన్నాడు. ఆ జుట్టును ఆనవాలు పెట్టుకుని ఆటంతా వాణ్ణి జలగలా పట్టుకుంటాడు. మరి ఆ జుట్టే లేకపోతే? వాడికొక్కడికే కాదు, పదకొండు మందికీ లేకపోతే? చొక్కాల మీది నంబర్లు ఎలాగూ ఉతుకులకు ఎప్పుడో ఊడిపోయాయి. ఇక ఎవరెవరో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

"ఏడుసార్లు వాళ్లు మనకి గుండు కొట్టారు. ఈసారి నేను కొడతా" అన్నాడు మామ.

మునిగేవాడికి గడ్డిపోచైనా ఆధారమే కాబట్టి జట్టు తల వంచింది. స్టోర్ కీపర్ ఒక్కడే గునిశాడు. ఆఫీసు పైపులకూ కుళాయిలకూ కాపలా ఉండే ఆ పెద్దమనిషిని జట్టులో చేర్చుకున్నది పదకొండో మనిషి దొరక్క.

"నాకు గుండు బాగోదు మామా. మా ఆవిడ గుర్తుపట్టదు."

"గుర్తుపట్టకపోవడమే కదయ్యా మనక్కావాల్సింది!"

చివరి తల ఆయనదే. కత్తి ఎడమ చెవి వెనక్కి వచ్చేసరికి పౌడరు ముక్కులోకి పోయి స్టోర్ కీపర్ హాచ్‌మని తుమ్మాడు. కత్తి బియ్యపు గింజంత జారింది. ఎర్రటి చుక్క ఒకటి పైకి లేచింది. మామ కత్తి పక్కన పెట్టాడు. అటూ ఇటూ చూశాడు, ఎవరూ గమనించలేదు. చటుక్కున పటిక ముక్క తీసి దాని మీద అదిమిపెట్టాడు.

"ఏదో మండింది మామా."

"చన్నీళ్లు."

"చన్నీళ్లు మండుతాయా?"

"కొత్త గుండుకి మండుతాయి. లే, టైమైంది."

రాత్రి కురిసిన వానకు మైదానం బురదబురదగా ఉంది. మామ గీతకు ఇవతల కుర్చీ వేసుకుని, పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నీలం చొక్కాల్లో పదకొండు గుండ్లు మిలమిలా మెరుస్తూ లోపలికి వెళ్లగానే బేకరీ వాళ్లు నోళ్లు తెరిచారు. వ్యాన్ డ్రైవర్ కాసేపు తల గోక్కుని, ఆఖరికి స్టోర్ కీపర్ని పట్టుకున్నాడు. ఆయన ఎక్కడుంటే ఈయనా అక్కడే. స్టోర్ కీపర్ ఉన్నచోటు నుంచి కదిలే రకం కాదు కనుక ఇద్దరికీ అలుపు రాలేదు. ఈలోగా మేనల్లుడు ఏ అడ్డూ లేకుండా పరుగెత్తుకుంటూ వెళ్లి గోలు కొట్టాడు.

"ఎవరి బుర్ర? నా బుర్ర!" అని మామ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

ఆయన బుర్రకు తట్టని తల ఒకటి అక్కడే ఉంది. అది ఎదుటి జట్టులో ఆడే బేకరీ మాస్టర్‌ది. ఆయనది పుట్టుబట్టతల కాకపోయినా పాతికేళ్లు నిండకముందే మొత్తం రాలిపోయింది. అలాంటి మనిషి సెలూన్ గడప ఎందుకు తొక్కుతాడు? అందుకే మామ ఆయన్ని ఎన్నడూ చూడలేదు. అరగంట గడిచేసరికి నీలం చొక్కాలూ తెల్ల చొక్కాలూ ఒకే బురద రంగుకు వచ్చాయి. అప్పుడు మన గుండు ఒకటి ఎదురుగా ఉన్న గుండును మనదే అనుకుని బంతిని ప్రేమగా అందించింది. బేకరీ మాస్టర్ దాన్ని అంతే ప్రేమగా అందుకుని గోల్లోకి పంపాడు.

"అది మోసం! గుండు మాది!" అని మేనల్లుడు రెఫరీ మీదికి వెళ్లాడు. రెఫరీ మిగతా రోజుల్లో బళ్లో డ్రిల్లు మాస్టారు. ఎదురుచెప్పినవాణ్ణి ఊరికే వదిలే అలవాటు లేదు. పసుపు కార్డు చూపించాడు. ఇంకొకటి పడితే బయటికే.

రెండో సగంలో కాళ్లూ చేతులూ ఎవరివో తెలియని స్థితి వచ్చింది. ఉన్నట్టుండి ఒక గుండు వెనక నుంచి వ్యాన్ డ్రైవర్ని తోసింది. ఆయన వెళ్లి బురదలో బోర్లా పడ్డాడు. రెఫరీ విజిల్ ఊది, కార్డు తీసి, ఎవరికి చూపించాలో తెలియక ఆగిపోయాడు.

"తోసింది ఎవరు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పదకొండు మందీ ఒకేసారి గుండ్లు తడుముకున్నారు.

"కనీసం ఒక్కడికైనా జుట్టుంచి ఉండాల్సింది కదయ్యా!" అని రెఫరీ విసుక్కున్నాడు.

తన పనితనం గురించి ప్రశ్న వస్తే మామ కూర్చోలేడు. సంచీ చంకన పెట్టుకుని గీత దాటేశాడు.

"నన్నడగండి రెఫరీ గారూ! మొహం చూస్తే నాకు పేరు గుర్తు రాదుగానీ నడినెత్తి చూస్తే వంశం చెప్తా. ఆ తోసిన గుండుని కళ్లారా చూశా. రెండు సుడులు. వరసలో నిలబెట్టండి." అందరి నెత్తుల మీదా బొటనవేలు ఆనిస్తూ వచ్చాడు. ఏడో తల దగ్గర ఆగి గర్వంగా చెయ్యెత్తాడు. "ఇదిగో! వీడే!"

అన్నాక కిందికి చూశాడు. ఆ రెండు సుడులూ ఆయన పాతికేళ్లుగా కత్తిరిస్తున్న మేనల్లుడివి.

రెండో పసుపు కార్డు, వెనకే ఎర్రకార్డు. మేనల్లుడు వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"మామయ్యా."

"ఊఁ."

"అమ్మ నీకేం చెప్పి పంపింది?"

"నోరు మూసుకోమంది."

వాడు మైదానం వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేదని మామకు అనిపించింది. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అటక మీదికి పోయే బంతి తన చేతుల మీదుగానే పోతోందని తలుచుకుంటే మామకు సిగ్గుతో చెమటలు పట్టాయి.

ఇంకో రెండు నిమిషాల ఆట ఉందనగా బంతి బేకరీ గోల్‌కీపర్ చేతికి చిక్కింది. ఎవరికి ఇద్దామా అని చూశాడు. దగ్గర్లో బురద చొక్కాతో ఒక గుండు ఒంటరిగా, నింపాదిగా నిలబడి ఉంది. బేకరీ మాస్టరే అనుకుని దాని కాళ్ల దగ్గరికి బంతి దొర్లించాడు. అది స్టోర్ కీపర్. వ్యాన్ డ్రైవర్ ఎప్పుడో వదిలేసి వెళ్లినా ఆయన మాత్రం మొదటి నుంచీ నిలబడ్డచోటే ఉన్నాడు. బంతి తన దాకా రావడం ఆయనకు కొత్త. దానికేసి అనుమానంగా చూశాడు.

"కొట్టండి సార్! కళ్లు మూసుకుని కొట్టండి!" అని మేనల్లుడు గొంతు చించుకున్నాడు.

స్టోర్ కీపర్ నిజంగానే కళ్లు మూసుకుని కొట్టాడు. గోలు!

బేకరీ జట్టంతా రెఫరీని చుట్టుముట్టింది. "వీడు బయటికి పంపినవాడే! మీరు చూడకుండా ఇద్దరూ మారిపోయారు! స్టోర్ కీపర్‌కి ఈ జన్మలో గోలు కొట్టడం రాదు!"

"నిజమే, రాదు" అన్నాడు స్టోర్ కీపర్ నిజాయితీగా.

రెఫరీ మామ వైపు తిరిగాడు. కానీ వ్యాన్ డ్రైవర్ అడ్డం వచ్చాడు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే! ఆయన సుడులూ గిడులూ మాకు కనపడవు. మా కళ్లకి కనపడే ఆనవాలు చూపించాలి."

"న్యాయమే. ఆనవాలు లేకపోతే గోలు చెల్లదు" అన్నాడు రెఫరీ.

మామ నోరు ఆ రోజంతటిలో మొదటిసారి మూతపడింది. ఆనవాలుంది. అది ఆయనకొక్కడికే తెలుసు. చెప్పకపోతే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. ఒక పక్క నలభై ఏళ్ల బోర్డు, ఇంకో పక్క గీత దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డ మేనల్లుడు. మామ సంచీలోంచి నీళ్ల సీసా, తువ్వాలు తీశాడు. స్టోర్ కీపర్ తల మీద నీళ్లు పోసి, బురద తుడిచి, ఎడమ చెవిని ముందుకు వంచాడు. అక్కడ సన్నటి ఎర్రగీత ఉంది.

"ఇది పొద్దున నేను పెట్టిన గాటు" అన్నాడు. "ఇంకే తల మీదా లేదు. కావాలంటే చూసుకోండి. ఈయన తుమ్మిన మాట నిజమేగానీ, కత్తి పట్టుకున్నది నేను."

"చన్నీళ్లన్నావు కదా మామా!" అని స్టోర్ కీపర్ అరిచాడు.

వ్యాన్ డ్రైవర్ వంగి ఆ గీతను చూశాడు. ఆయన కూడా మామ దుకాణానికి వచ్చే మనిషే. పదిహేనేళ్లుగా ఆ బోర్డు కిందే కూర్చుని గడ్డం గీయించుకుంటున్నాడు.

"మామా, మరి ఆ బోర్డు..."

"ఆఁ, ఆ బోర్డే."

వ్యాన్ డ్రైవర్ బరువుగా నిట్టూర్చాడు. "రెఫరీ గారూ, ఈ మనిషి తల తీస్తానన్నా ఉత్తినే ఈ మాట ఒప్పుకోడు. అది గోలే."

విజిల్ మోగింది. మేనల్లుడు మామను కుర్చీతో సహా పైకెత్తాలని చూసి, బురదలో జారి, కుర్చీతో సహా పడేశాడు. ఇద్దరూ లేవకుండా అక్కడే కూర్చుని నవ్వారు. ఆ మధ్యాహ్నం వాడు మూడుసార్లు మారు వడ్డించుకున్నాడని అక్క ఫోన్ చేసి చెప్పింది.

సోమవారం పొద్దున మామ నిచ్చెన ఎక్కి బోర్డు దిద్దాడు. ఇప్పుడు దాని మీద "నలభై ఏళ్లు, ఒకే ఒక్క గాటు, అదీ గెలవడానికి" అని ఉంది. ఆ రాత గురించి అందరికంటే బాగా తెలిసిన పదకొండు మందిలో మాత్రం రెండు నెలల దాకా ఒక్కరూ ఆ దుకాణానికి రాలేదు, వచ్చే పని వాళ్ల నెత్తి మీద లేదు.