పెద్దిరాజు ఆనింగ్ సంగ్రామము

స్వస్తి! ఆశ్వయుజ శుక్లపక్షమున, దసరా సెలవులింక వారము దూరమున నుండగా, శనివారపు రాహుకాలము ఏ ఉపద్రవమును లేక దాటిపోయిన పిమ్మట, యమునకు పడమట, కర్మాగారధూమధూసరితమును మెట్రోస్తంభశ్రేణీవిరాజితమును అయి, ఈ-రిక్షాల హారను మోతలకు దిక్కులు పిక్కటిల్లుచున్న ఫరీదాబాదు మహానగరమున, టార్పాలిన్ దుకాణముల వీధియందు, మధ్యాహ్నము రెండున్నరకు ఒక తెల్లని క్యాంపర్ వ్యాను ఉత్తరాభిముఖముగ వచ్చి నిలిచెను.

దాని సారథి పెద్దిరాజు. భీమవరమున పుట్టి, పదునాలుగేండ్లుగా ఇచటి పంపుసెట్ల ఫ్యాక్టరీలో నాణ్యతా విభాగమును ఏలుచు, అర మిల్లీమీటరు తేడాను సైతము క్షమింపని ఉగ్రమూర్తి. పాత టెంపో ట్రావెలరును కొని, రెండేండ్ల ఆదివారములను ధారవోసి, దానిలో మంచమును, గ్యాసు పొయ్యిని, చేతులు కడుగు సింకును స్వహస్తములతో ప్రతిష్ఠించిన ఘనుడు. ఇంతటి వీరుని ఇల్లాలు లీలావతి మాత్రము ఆ బండెక్కి ఇంతవరకు ఊరు దాటలేదు. ఆమెకు ఎండ తగిలిన అరగంటలో తలనొప్పి వచ్చును. వచ్చినది రెండు రోజులు వదలదు.

"బండి బయట కూర్చోడానికి నీడుంటే వస్తానండి. లేదంటే ఈసారి కూడా మీరొక్కరే వెళ్ళిరండి" అని ఆమె ముందునాడు తేల్చి చెప్పియుండెను. కోపముగా చెప్పియున్నచో అతడు తట్టుకొనెడివాడే. ఆమె మామూలుగా చెప్పెను. కిందటేడు ముక్తేశ్వర్ కొండమీద, ఎదుట హిమాలయములు వెలుగుచుండగా, "అటు చూడు" అని చెప్పుటకు పక్కన మనిషి లేక, ఉప్మా గిన్నెతో ఒంటరిగా కూర్చున్నవాడు గనుక, పెద్దిరాజునకు ఆ మాట గట్టిగనే తగిలెను.

కావున ఆనింగ్ కావలెను. ఆనింగ్ అనగా బండి పక్కకు విప్పుకొను గుడ్డ చూరు. దానిని ఎంచుటకై అతడు పదిహేడు గడుల ఎక్సెల్ పట్టికను కాగితముపై ముద్రించి తెచ్చెను. గుడ్డ మందము, కుట్టు సాంద్రత, గాలివేగసహనము, అల్యూమినియము బలము ఇత్యాదులన్నియు అందులో కలవు. లీలావతి ఎచట కూర్చుండునను గడి లేదు.

దుకాణాధిపతి జశ్వంత్, టార్పాలిన్ సార్వభౌముడు, పాన్ నములుచు ఎదురేగెను. "ఆయియే భాయీసాబ్! భాభీజీ కే లియే స్టూల్ లావో!" అని, వెంట వచ్చిన లీలావతికి స్టూలు తెమ్మని ఆజ్ఞాపించి, పడమటి దిక్కగు బండి ఎడమ పక్కన, తలుపుమీది కొక్కెములకు మొదటి ఆనింగును తగిలించెను. అది చేతిపిడి తిప్పినచో చాపవలె విచ్చుకొనునది. లీలావతి దానికింద స్టూలుపై ఆసీనురాలయ్యెను. పెద్దిరాజు స్కేలుతో కుట్లను లెక్కించి, అంగుళమునకు ఒక కుట్టు తక్కువైనట్లు గుర్తించి, "ఓరీ వస్త్రాధమా! ఎనిమిది కుట్లకు ఏడు వేసి నా ఇల్లాలి నెత్తిన నిలువజూతువా? నా పట్టికయందు నీకు చోటెక్కడిది!" అని మనసున గర్జించి, పైకి మాత్రము, "భయ్యా, దూస్‌రా దిఖాయియే" అనెను.

రెండవది విసనకర్రవలె బండి మూల చుట్టును తిరుగునది. దాని కీలు కిర్రుమనెను, ఓడెను. మూడవది రెండు కర్రలపై నిలుచు వట్టి కాకీగుడ్డ. పట్టికయందు పదునొకండు మార్కులతో అట్టడుగున పడెను. ఇట్లు గంటసేపు భీకరముగ పోరి పెద్దిరాజు తలయెత్తి చూచునప్పటికి, లీలావతి నుదుటికి చున్నీ బిగించి కట్టుకొని యుండెను. పడమటికి వాలిన సూర్యుడు మూడు ఆనింగుల కిందికిని దూరి ఆమె మొగముననే పడియుండెను.

"నీడంతా బండిమీద పడుతోందండి. నామీద పడట్లేదు" అనెను ఆమె. పిమ్మట లేచి, "పోన్లెండి. మీరెళ్ళిరండి. నేను వీడియో కాల్లో చూస్తాలే" అనెను.

పెద్దిరాజు చేతిలోని స్కేలు కిందపడెను. పదునాలుగేండ్లలో అతని చేతినుండి స్కేలు జారుట అదియే ప్రథమము.

ఆ క్షణముననే ఫోను మ్రోగెను. తణుకునుండి లీలావతి మేనమామ పద్మనాభము, గోడకు మేకు కొట్టుటకైనను ఈ దంపతులు అనుమతి కోరు వాస్తుధురంధరుడు, ఆమె పంపిన ఫోటో చూచి వీడియోలో ప్రత్యక్షమయ్యెను.

"అల్లుడుగారూ! పడమట చూరు దించారేంటండీ? వెంటనే ఉత్తరానికి మార్పించండి!"

"ఇది ఇల్లు కాదండి మావయ్యగారూ, బండి."

"లోపల పొయ్యుందా లేదా? పొయ్యున్నదేదైనా ఇల్లేనండి."

"తలుపు ఇటే ఉందండీ. ఉత్తరానికెలా మారుస్తాను?"

"చక్రాలున్నాయిగా. తిప్పండి!"

నాణ్యతా విభాగమంతయు వంగి చక్రములవైపు చూచెను. పెద్దవారి మాట కాదనలేక పెద్దిరాజు రథమధిరోహించెను. ముందు అరటిపండ్ల బండి, వెనుక రెండు ఈ-రిక్షాలు, నడుమ మోరను ఎత్తిన ఒక ఎద్దు. జశ్వంత్ కర్రలనూడదీసి గుడ్డను పైకి చుట్టి, "పీఛే, పీఛే! బస్ బస్ బస్!" అని రణభేరి మ్రోగించుచుండ, ఏడు మార్లు ముందుకు, ఏడు మార్లు వెనుకకు నడిపి, వీధి వీధియంతయు తిట్టిన తిట్లను శిరసావహించి, బండిని తూర్పుముఖము చేసి నిలిపెను. మరల కర్రలు నిలిపి కాకీగుడ్డను ఉత్తరమునకు పరచిరి. దాని నీడకు బండి నీడ తోడయ్యెను.

లీలావతి అనుమానముగ వచ్చి కూర్చుండెను. ఎండ రాలేదు. కాళ్ళు ముందుకు చాపెను. పాదములమీదను రాలేదు. ఆమె చున్నీ విప్పెను.

"ఇది చాలండి" అనెను.

"దీనికి పదకొండు మార్కులే లీలా. గాలి గట్టిగా వీస్తే..."

"చాలన్నాగా." ఆమె కనులు మూసికొని, "చిన్న పోపులపెట్టొకటి కొనాలి. ఎన్ని రోజులుంటాం?" అనెను.

పెద్దిరాజు పట్టికను నాలుగు మడతలు పెట్టి జేబున పెట్టుకొనెను. "నాలుగు రోజులు" అనెను.

జయము! జయము! ఇట్లు మహావీరుడు పెద్దిరాజు, మేనమామోపదేశబలమున, ఫరీదాబాదు రణరంగమున ఆరడుగుల పొడవును నాలుగడుగుల వెడల్పును గల నీడను నిశ్శేషముగ జయించెను. ఈ గాథను విన్నవారికి ఏమి ఫలము కలుగునో చెప్పజాలము. లీలావతికి మాత్రము ఆ సాయంత్రము తలనొప్పి రాలేదు.